శుక్లం తీశాక మళ్లీ కాక్‌పిట్‌లోకి: పైలట్‌కు కావలసిన చూపు ఏది?

ఉత్తరాంధ్రలో పైలట్ అన్న మాట రోజూ చెవిన పడుతుంది. 108 అంబులెన్స్ నడిపేవారిని పైలట్ అంటారు. పలాస, విజయనగరం మీదుగా రైళ్లు నడిపేవారు లోకో పైలట్లు. విమానం నడిపే పైలట్లూ ఈ నేలకు కొత్త కాదు. విజయనగరం పక్కన కోరుకొండలో 1962లో సైనిక్ పాఠశాల మొదలైన దగ్గర నుంచి అక్కడ చదివిన పిల్లలు త్రివిధ దళాల్లోకి వెళుతూనే ఉన్నారు. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగాక ఆ మాట ఇక్కడి ఇళ్లకు ఇంకాస్త దగ్గరైంది.

వీళ్లందరి జీతమూ కళ్ల మీదే ఆధారపడి ఉంటుంది. యాభై దాటిన విమాన పైలట్‌కు కంట్లో శుక్లం ఉందని డాక్టర్ చెబితే ఇంట్లో ముందు వచ్చే ప్రశ్న ఒక్కటే: ఇక ఎగరడం అయిపోయినట్టేనా? కాదు. కంట్లో వేరే జబ్బు లేకపోతే శుక్లం తీయించుకున్న పైలట్ మళ్లీ ఫిట్ అనిపించుకుని విమానం ఎక్కవచ్చు. అయితే ఆ చూపు తిరిగి రావడం ఆపరేషన్ బల్ల మీద మొదలయ్యేది కాదు. తీసిన కటకం స్థానంలో ఏ కృత్రిమ కటకం పెట్టించుకోవాలి, కంటి కొలతలు ఎంత జాగ్రత్తగా తీశారు, ఎప్పుడు చేయించుకోవాలి అన్న మూడు నిర్ణయాల్లో చాలా భాగం ముందే తేలిపోతుంది. ఈ నిర్ణయాల్లో పైలట్‌ను ఎక్కువగా దారి తప్పించేది, ఇకపై కళ్లద్దాలే అక్కరలేకుండా పోవాలన్న కోరిక.

ఆ కోరిక ఎక్కడి నుంచి వస్తుందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. శ్రీకాకుళం జిల్లాలో ఏ ఊళ్లోనైనా శుక్లం ఆపరేషన్ అయిన పెద్దాయన ఇంటికి వెళితే కనిపించే దృశ్యమే. కంటికట్టు విప్పిన మర్నాడు వసారాలో కుర్చీ వేసుకుని, ఎదురు గోడ మీది క్యాలెండర్‌లో అమావాస్య నల్లచుక్క ఏ తేదీ మీద ఉందో, పౌర్ణమి తెల్లచుక్క ఏ తేదీ మీద ఉందో చదివి వినిపిస్తాడు. సున్నం కొట్టిన గోడ ఇంత తెల్లగా ఉంటుందని మరిచిపోయానంటాడు. ఇంటిల్లిపాదికీ పండగే. ఆయన అవసరానికి ఆ చూపు చాలు, అది నిజంగా గొప్ప చూపే. పైలట్ కన్ను మాత్రం ఇంకా చాలా పరీక్షలకు నిలవాలి.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల ప్రకారం, వాణిజ్య విమానాలు నడిపేవారికి ఇచ్చే క్లాస్ 1 వైద్య ధ్రువీకరణకు దూరపు చూపు ఒక్కో కంటితో విడిగా కనీసం 6/9 (మామూలు కన్ను 9 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్ల నుంచి చదవడం), రెండు కళ్లతో కలిపి 6/6 ఉండాలి. దగ్గర చూపులో 30 నుంచి 50 సెంటీమీటర్ల మధ్య ఎన్5 అనే చిన్న అక్షరాలు, 100 సెంటీమీటర్ల దూరంలో అంతకంటే పెద్దవైన ఎన్14 అక్షరాలు చదవగలగాలి. ఇవన్నీ కళ్లద్దాలతో చదివినా నిబంధనకు సరిపోతుంది. అద్దాలు వాడేవారు వాటిని పెట్టుకునే ఎగరాలి, అదనపు జత చేతికందేలా ఉంచుకోవాలి అంతే. కేవలం దగ్గర చదువుకే పనికొచ్చే, దూరాన్ని మసకబార్చే నిండు అద్దాలను మాత్రం ఒప్పుకోరు. తలెత్తితే రన్‌వే, దించితే విమాన మార్గపు చార్టు ఒకే జతలోంచి కనిపించాలి.

మూడు దూరాలు అనడం తేలిక. కాక్‌పిట్‌లో కూర్చుంటే వాటి అర్థం తెలుస్తుంది. ఒడిలోనో పక్కనో ఉన్న టాబ్లెట్‌లో చార్టు, చేయి చాచినంత దూరంలో పరికరాల పలక, దాని పైన అద్దంలోంచి కిలోమీటర్ల అవతల నేల. ఇవి చాలవన్నట్టు నడినెత్తి మీద మరో పలక నిండా స్విచ్‌లు. దిగేటప్పుడు కన్ను నిమిషంలో పదిసార్లు ఈ దూరాల మధ్య తిరుగుతుంది. రన్‌వే పక్కన వరసగా నాలుగు దీపాలుంటాయి. రెండు తెల్లగా, రెండు ఎర్రగా కనిపిస్తే దిగే వాలు సరిగా ఉన్నట్టు. నాలుగూ తెలుపైతే విమానం ఎత్తులో ఉంది, నాలుగూ ఎరుపైతే మరీ కిందికి వచ్చేసింది. సాయంత్రం పొగమంచులో ఆ తెలుపు ఎరుపులను కన్ను తడుముకోకుండా పట్టుకోవాలి.

శుక్లం దెబ్బ తీసేది సరిగ్గా ఇక్కడే. కంటి కటకంలోని ప్రోటీన్లు ఏళ్లు గడిచేకొద్దీ గుంపు కట్టి వెలుతురును చెదరగొడతాయి. కటకం మధ్య భాగం గట్టిపడి పసుపు, గోధుమ రంగులకు తిరిగితే అది కేంద్రక శుక్లం. తెలుపు పాతకాగితంలా కనిపిస్తుంది, నీలం వెలిసిపోతుంది. దీనిలో ఒక మోసం కూడా ఉంది. కటకం గట్టిపడటంతో కంటికి హ్రస్వదృష్టి పెరుగుతుంది, దాంతో ఇన్నాళ్లూ చదవడానికి అద్దాలు పెట్టుకున్న మనిషి అద్దాలు తీసేసి పేపర్ చదువుతాడు. నాన్నకు చూపు మళ్లీ వచ్చిందని ఇంట్లోవాళ్లు సంబరపడతారు. దూరం చెడి దగ్గర బాగుపడిందని పైలట్ ముందే పసిగట్టాలి. అద్దాల నంబరు ఏడాదిలో రెండుసార్లు మారితే మరీ.

కటకం వెనక పొరకు ఆనుకుని వచ్చే శుక్లం ఇంకో రకం. చక్కెర వ్యాధి ఉన్నవారిలో, స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడినవారిలో ఇది చిన్న వయసులోనే కనిపిస్తుంది. చీకటి గదిలో కంటి పరీక్ష అక్షరాల చార్టు ముందు కూర్చుంటే 6/6 చదివేస్తారు. ఎదురెండలో మాత్రం కంటిపాప ముడుచుకుని, వెలుతురంతా సరిగ్గా ఆ మచ్చ గుండానే పోవాల్సి వస్తుంది, అంతా తెల్లగా అలుక్కుపోతుంది. మిట్టమధ్యాహ్నం నౌపడ ఉప్పు మళ్ల గట్టు మీద నడిచినవారికి ఆ తెల్లదనం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మేఘాల పైన ఎగిరే పైలట్‌కు కింద ఉన్నదంతా ఆ ఉప్పు మడే. అందుకే అక్షరాల చార్టు మీద మంచి మార్కులు వచ్చినా ఎండలో ఇబ్బందిగా ఉందని పైలట్ చెబితే డాక్టర్ తేలిగ్గా తీసుకోకూడదు.

పైలట్లకు శుక్లం త్వరగా వస్తుందా? 2005లో వెలువడిన ఐస్‌లాండ్ అధ్యయనం ఒకటి, విమాన పైలట్లలో కేంద్రక శుక్లం అవకాశం మిగతావారి కంటే సుమారు మూడు రెట్లు ఉన్నట్టు తేల్చి, దాన్ని ఎత్తులో తగిలే విశ్వ కిరణాలతో ముడిపెట్టింది. ఒక చిన్న దేశపు అధ్యయనంతో అంతా తేలిపోయిందనుకోలేం. అతినీలలోహిత కిరణాల వంతు కూడా ఉంది, అవి ఎత్తుకు పోయేకొద్దీ పెరుగుతాయి. ఆ మాటకొస్తే నెత్తిన తుండుగుడ్డ తప్ప కంటికి నీడ ఎరుగని మన మత్స్యకారులకూ ఇదే ముప్పు, వాళ్ల కళ్లను ఏటేటా పరీక్షించే నిబంధన ఏదీ లేదు.

మన ఊళ్లలో ఇప్పటికీ వినిపించే ఒక మాట: ఇంకా ముదరలేదు, ముదిరాక తీయిద్దాం. కుట్లు వేసి, పెద్ద కోతతో కటకాన్ని మొత్తంగా బయటికి తీసే రోజుల్లో దానికి కొంత అర్థం ఉండేది. ఇప్పుడది తిరగబడింది. ఫేకో పద్ధతిలో రెండు మూడు మిల్లీమీటర్ల కోతలోంచి అల్ట్రాసౌండ్ సూది పంపి కటకాన్ని కరిగించి పీల్చేస్తారు. శుక్లం ఎంత గట్టిపడితే అంత ఎక్కువ శక్తి వాడాలి, నల్లగుడ్డు (కార్నియా) లోపలి పొర కణాలు అంతగా దెబ్బతింటాయి, అంత ఆలస్యంగా కన్ను తేటపడుతుంది. పైలట్ విషయంలో ముదిరే దాకా ఆగడమంటే మసక చూపుతో ఎగిరే నెలలు పెంచుకోవడం, ఆపైన ఇంట్లో కూర్చునే వారాలూ పెంచుకోవడం. చలికాలంలోనే చేయించుకోవాలన్నది కూడా ఇలాంటిదే. ఆపరేషన్ థియేటర్‌కు ఋతువులతో పని లేదు.

శిబిరాల్లో ఎక్కువగా చేసే కుట్టు లేని చిన్న కోత ఆపరేషన్ మంచిదే, లక్షల మందికి చూపు ఇచ్చింది. కోత ఆరేడు మిల్లీమీటర్లు ఉండటం వల్ల నల్లగుడ్డు వంపు కాస్త మారుతుంది, నంబరు కుదురుకోవడానికి ఎక్కువ వారాలు పడుతుంది. వీలున్న పైలట్ ఫేకో వైపు మొగ్గడమే మేలు.

ఇక కటకం. దీని కథ అసలు ఒక పైలట్ కంట్లోనే మొదలైంది. 1940 ఆగస్టులో బ్రిటిష్ వైమానిక దళానికి చెందిన గోర్డన్ క్లీవర్ నడుపుతున్న హరికేన్ యుద్ధ విమానానికి తూటాలు తగిలి, కాక్‌పిట్ పైకప్పు పగిలి, పెర్‌స్పెక్స్ అనే పారదర్శక ప్లాస్టిక్ ముక్కలు రెండు కళ్లలోనూ గుచ్చుకున్నాయి. ఒక కన్ను పోయింది. రెండోదానిలో ఆ ప్లాస్టిక్ ముక్కలు ఏళ్ల తరబడి ఉండిపోయినా కన్ను వాటిని తిప్పికొట్టలేదు. ఆయన్ను చూసిన కంటి డాక్టర్ హెరాల్డ్ రిడ్లీ, అదే ప్లాస్టిక్‌తో కటకం చేసి 1949 నవంబర్ 29న లండన్‌లో తొలిసారి ఒక రోగి కంట్లో అమర్చారు. ఆ తరవాత 1987లో క్లీవర్‌కు మిగిలిన ఆ ఒక్క కంట్లో శుక్లం వచ్చినప్పుడు, తన గాయం నుంచి పుట్టిన కటకమే ఆయనకూ చూపునిచ్చింది. మధురైలోని ఆరోలాబ్ 1992 నుంచి ఇలాంటి కటకాలను చౌకగా తయారు చేయడంతో మన పల్లెల దాకా అవి అందాయి.

ఇప్పుడు కటకాల్లో రకాలు చాలా ఉన్నాయి. ఆస్పత్రి కౌన్సెలింగ్ గదిలో ధరల పట్టిక ముందు పెడతారు: మోనోఫోకల్, టోరిక్, మల్టీఫోకల్, ట్రైఫోకల్. ధర పెరిగేకొద్దీ అద్దాల అవసరం తగ్గుతుందన్నట్టు ఆ పట్టిక ఉంటుంది. డబ్బుకు వెనకాడని పైలట్, ఉన్నవాటిలో ఖరీదైనదే మంచిదనుకుని దానికే తల ఊపే ప్రమాదం ఇక్కడే ఉంది. మల్టీఫోకల్ కటకం కంట్లోకి వచ్చే వెలుతురును పంచి కొంత దూరానికి, కొంత దగ్గరకు కేటాయిస్తుంది. దూరాన ఉన్న దీపాన్ని చూస్తున్నప్పుడు, దగ్గరకు కేటాయించిన వెలుతురు ఆ దీపం చుట్టూ మసక వలయమై కనిపిస్తుంది. రాత్రి హైవే మీద ఎదురుగా వచ్చే లారీ లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయని వీటిని పెట్టించుకున్న కొందరు చెబుతారు. లారీకి రెండు లైట్లు. రన్‌వేకు వందల దీపాలు. తెలుపు నలుపుల మధ్య తేడా, అంటే కాంట్రాస్ట్, కూడా కొంత తగ్గుతుంది. చాలామంది మెదడు కొన్ని నెలల్లో వీటికి అలవాటు పడుతుంది. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఈ కటకాలను ఒప్పుకుంటుంది కానీ మూడు నెలల అలవాటు కాలం అయ్యాకే ఎగరనిస్తుంది. అలవాటు పడని ఆ కొద్దిమందిలో తాను ఉంటానో ఉండనో ముందే తెలుసుకునే పరీక్ష లేదు.

ఒక కంటికి దూరం, రెండో కంటికి దగ్గర సరిపోయేలా కటకాలు పెట్టే మోనోవిజన్ పద్ధతీ ఉంది. గృహిణికి, దుకాణదారుకు చక్కగా సరిపోవచ్చు. పైలట్‌కు ఎందుకు సరిపోదో 1996 అక్టోబర్ 19న న్యూయార్క్ లగార్డియా విమానాశ్రయంలో తెలిసింది. వానలో, మసక వెలుగులో, నీటి మీదుగా దిగుతున్న విమానం రన్‌వేకు ముందున్న దీపాల కట్టడాన్ని ఢీకొంది. ప్రాణాలు పోలేదు. దర్యాప్తులో కెప్టెన్ మోనోవిజన్ కాంటాక్ట్ లెన్సులు పెట్టుకున్నట్టు తేలింది, లోతు అంచనా తప్పడానికి అదే కారణమని దర్యాప్తు సంస్థ చెప్పింది. నీటి మీద చెట్టూ ఇల్లూ ఉండవు, కంటికి ఎత్తు చెప్పే గుర్తులు ఏవీ దొరకవు. అలాంటి చోట రెండు కళ్లూ ఒక్క జంటగా పనిచేయాలి. సముద్రం పక్కనే రన్‌వేలున్న మన తీరానికి ఈ సంగతి బాగా వర్తిస్తుంది.

కనుక పైలట్‌కు గట్టి ఎంపిక పాతదే: ఒకే దూరానికి పనిచేసే మోనోఫోకల్ కటకం, రెండు కళ్లకూ దూరపు చూపుకే కుదిర్చి. నల్లగుడ్డు వంపులో తేడా ఉంటే దాన్ని సరిదిద్దే టోరిక్. దగ్గరకు, మధ్య దూరానికి పై నుంచి కిందికి నంబరు క్రమంగా మారే ప్రోగ్రెసివ్ అద్దాలో, పైనుంచి తొంగిచూసే సగం అద్దాలో. ముక్కు మీద అద్దం ఉండటం ఈ వృత్తిలో లోటు కిందికి రాదు. దాన్ని తప్పించుకోవడానికి రాత్రి చూపును పణంగా పెట్టడం మాత్రం పెద్ద లోటు.

కటకం ఎంచుకున్నా దాని పవర్ తప్పితే ప్రయోజనం లేదు. కన్ను ముందు నుంచి వెనక దాకా ఎంత పొడవుందో లేజర్‌తో కొలుస్తారు. ఆ కొలతలో ఒక మిల్లీమీటర్ తప్పు పవర్‌లో సుమారు రెండున్నర డయాప్టర్ల (అద్దాల నంబరు కొలత) తేడా తెస్తుంది. కాంటాక్ట్ లెన్సులు వాడేవారు కొలతకు ముందు వాటిని డాక్టర్ చెప్పినన్ని రోజులు మానాలి, లేదంటే నల్లగుడ్డు వంపు తప్పుగా వస్తుంది. యవ్వనంలో లేజర్‌తో అద్దాల నంబరు తీసే లేసిక్ చేయించుకున్న పైలట్ ఆ పాత కాగితాలు వెతికి పట్టుకెళ్లాలి, అలాంటి కంటికి మామూలు సూత్రాలు సరిపోవు. టోరిక్ కటకం కంట్లో ఒక్క డిగ్రీ తిరిగితే దాని పనిలో సుమారు 3.3 శాతం పోతుంది, 30 డిగ్రీలు తిరిగితే పెట్టి లాభం లేనట్టే. ప్రోస్టేట్ కోసం టాంసులోసిన్ మాత్ర వేసుకునేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. ఆ మందు వల్ల ఆపరేషన్ మధ్యలో కంటిపాప చుట్టూ ఉండే పొర వదులై ముడుచుకుంటుంది. సిగ్గుపడి దాచే విషయం కాదు ఇది.

ఆపరేషన్ అయ్యాక మొదటివారం కంటికి నీళ్లు తగలకుండా, రుద్దకుండా, చుక్కల మందు వేళకు వేయడమే పని. తలస్నానం వద్దనే ఇంటి పెద్దల మాటలో న్యాయం ఉంది. వంకాయ, దోసకాయ మానేయాలనడంలో లేదు. నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం కలిసి వస్తే మర్నాడు చూద్దామనుకోకూడదు, లోపల చీము పట్టే ఇన్ఫెక్షన్‌కు గంటలే లెక్క. మరో చిక్కు నాలుగు నుంచి ఆరు వారాల మధ్య రావచ్చు. కంటి వెనక తెర అయిన రెటీనా మధ్య భాగం ఉబ్బి, బాగా వచ్చిన చూపు మళ్లీ తగ్గుతుంది. చక్కెర ఉన్నవారిలో ఇది ఎక్కువ. మందులతో చాలావరకు తగ్గిపోతుంది. ఈ కారణంగానే రెండో వారంలో 6/6 వచ్చిందని డ్యూటీకి తొందరపడటం తెలివైన పని కాదు. ఫేకోలో అద్దాల నంబరు కుదురుకోవడానికీ దాదాపు అన్ని వారాలే పడుతుంది.

రెండు కళ్ల మధ్య విరామం గురించి తక్కువ మంది ఆలోచిస్తారు. మొదటి నుంచీ మందపాటి అద్దాలు వాడే పైలట్‌కు ఒక కన్ను ఆపరేషన్ అయ్యాక ఆ కంటికి నంబరు దాదాపు సున్నా అవుతుంది, రెండోదానికి పాత నంబరే. రెండు బొమ్మలు వేర్వేరు పరిమాణాల్లో పడితే మెదడు వాటిని కలపలేదు. అలాంటివారు రెండో కన్ను కూడా కొద్ది వారాల్లో చేయించుకుని, రెండూ కుదిరాకే వైద్య పరీక్షకు వెళ్లడం నయం. కొత్త కంటికి లోకమంతా కొన్నాళ్లు నీలంగా కనిపిస్తుంది, చూపు చివరన నీడ కదిలినట్టు ఉంటుంది. వారాలు గడిచేకొద్దీ చాలామందికి ఇవి సర్దుకుంటాయి.

ఇంట్లో బాగున్న కన్ను విమానంలో మండవచ్చు. మన తీరప్రాంతపు గాలిలో ఏడాది పొడవునా తేమ ఎక్కువ, కాక్‌పిట్ గాలిలో తేమ తరచూ 20 శాతం లోపే. ఆపరేషన్ కోత వల్ల నల్లగుడ్డు నరాలు కొన్నాళ్లు మొద్దుబారి కన్నీరు తగ్గుతుంది. కన్నీటి పొర చెదిరితే అక్షరాలూ చెదురుతాయి, రెప్ప కొడితే మళ్లీ తేరుకుంటాయి. కటకం బాగోలేదని అనుమానపడే ముందు చూడవలసింది ఇదే. చల్లద్దాలు బూడిద రంగువైతే మేలు. పోలరైజ్డ్ అద్దాల్లోంచి చూస్తే కొన్ని పరికరాల తెరలు నల్లబడిపోతాయి.

ఆపరేషన్ చేయించుకున్న పైలట్ తిరిగి ఫిట్ అని తేలేదాకా ఎగరకూడదు. దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించే డిజిసిఎ గుర్తించిన వైద్య పరీక్షకుల దగ్గరకో, బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ వంటి వైమానిక దళ కేంద్రానికో వెళ్లేటప్పుడు చేతిలో ఆపరేషన్ వివరాలు, ముందు తీసిన కొలతలు, తరవాతి అద్దాల నంబరు, రెటీనా పరీక్ష కాగితాలు ఉండాలి. డిశ్చార్జి కాగితం మీద కటకం పేరు, పవర్ ముద్రించిన చిన్న అంటింపు చీటీ ఉంటుంది. దాన్ని మందుల చీటీలతో కలిపి పారేసేవాళ్లు ఎందరో. పరీక్ష చేసేవారు ముందు అడిగేది దాన్నే. అరవై దాటిన పైలట్‌కు క్లాస్ 1 ధ్రువీకరణ ఆరు నెలలకోసారి, వాణిజ్య విమానాలు నడిపే వయసు 65 దాకా. యాభై ఎనిమిదిలో సరైన కటకం పెట్టించుకున్న మనిషికి ఆ చీటీ ఇంకా ఏడేళ్ల ఉద్యోగం.

నెలలకో, రెండు మూడేళ్లకో చూపు మళ్లీ మసకబారితే శుక్లం తిరిగి పెరిగిందని ఊళ్లో అంటారు. తీసేసిన శుక్లం తిరిగి రాదు. కటకాన్ని నిలిపి ఉంచిన వెనక పొర మందగిస్తుంది, దాన్ని యాగ్ లేజర్‌తో నిమిషాల్లో తెరుస్తారు. ఇది కూడా వైద్య పరీక్షకుడికి తెలియాల్సిన విషయమే. లేజర్ తరవాతి రోజుల్లో కంట్లో మెరుపులు, కొత్తగా నల్లచుక్కలు, పక్క నుంచి తెర దిగుతున్నట్టు అనిపించడం రెటీనా ఊడుతోందనడానికి గుర్తులు కావచ్చు. రోస్టర్‌లో ఆ సాయంత్రం విమానం ఉన్నా సరే, ఆ రోజే రెటీనా డాక్టర్ దగ్గరకు వెళ్లాలి.